తిరుపతిలో పాముల గది: హీటర్ సంగతి తర్వాత, ముందు మే నెల సంగతి చూడండి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. తిరుపతిలో అద్దె ఇల్లు, రెండో అంతస్తు, పైన మిద్దె తప్ప ఇంకేమీ లేదు. పదికి పది గది. అందులో రెండు బాల్ పైథాన్లు (ఆఫ్రికా చిన్న కొండచిలువలు), ఒక కార్న్ స్నేక్ (అమెరికా విషం లేని పాము), ఒక లెపర్డ్ గెకో (మచ్చల బల్లి), తొట్టిలో రెండు స్లైడర్ అనే నీటి తాబేళ్ళు. ఇంకో మూడు బాల్ పైథాన్లు, ఒక ఇగ్వానా (పెద్ద బల్లి జాతి) తెద్దామనుకుంటున్నారు. మదనపల్లె స్నేహితుడు నక్షత్ర తాబేలు ఊరికే ఇస్తానంటున్నాడు. ర్యాక్ (సొరుగుల్లా పేర్చిన ప్లాస్టిక్ డబ్బాల స్టాండు) మంచిదా, గాజు తొట్లు మంచివా, ఏ హీటర్ కొనాలి అని అడిగారు.

నేను పద్నాలుగేళ్ళుగా పెంచుతున్నాను. ఒకప్పుడు మా ఇంట్లో పదిహేడు ఉండేవి. ఇప్పుడు ఆరు. ఎన్ని పెంచాలి అనేదానికి నా లెక్క ఒకటే: మే నెలలో మధ్యాహ్నం రెండింటికి కరెంటు పోయి నాలుగు గంటలు రాకపోతే ఎన్నిటిని కాపాడుకోగలనో అన్నే. గది ఎంత ఉంది, జేబులో ఎంత ఉంది అన్నది ఆ తర్వాత. ఈ లెక్క వేసుకున్న రోజే పదిహేడు కాస్తా ఆరైంది.

వీడియోలు చూసి హీటర్ గురించి అడిగారని అర్థమవుతోంది. ఆ వీడియోలు చేసేవాళ్ళు చలిదేశాల వాళ్ళు. వాళ్ళ గది ఇరవై డిగ్రీలుంటే పాము కోసం దాన్ని ముప్పైకి తేవాలి. మనకు కథ తిరగబడుతుంది. బాల్ పైథాన్‌కు వెచ్చని వైపు 31 నుంచి 33, చల్లని వైపు 25 నుంచి 27 ఉండాలి. కార్న్ స్నేక్‌కు ఇంకా తక్కువ, వెచ్చని వైపు 30 చాలు. ఇక్కడ వేసవిలో బయట నలభై దాటుతుంది. మిద్దె కింద గదిలో రాత్రి తొమ్మిదింటికి కూడా స్లాబు వేడి కక్కుతూనే ఉంటుంది. మీ గదిలో అప్పుడు ఉండేదల్లా వెచ్చని వైపే. చల్లని వైపు అనేది ఉండదు. పాముకు చెమట పట్టదు, కుక్కలా వగర్చి చల్లబడటం రాదు. చోటు మారడం ఒక్కటే దానికి తెలుసు. మారడానికి చల్లని చోటే లేకపోతే నీళ్ళ గిన్నెలో పడుకుంటుంది. ఏప్రిల్‌లో మీ పైథాన్ రోజంతా గిన్నెలోనే ఉంటే ముచ్చటపడకండి. అయితే వేడి, లేదా ఒంటిమీద పేలు.

కాబట్టి ఈ వారం హీటర్ కొనే డబ్బుతో కనిష్ఠం, గరిష్ఠం చూపించే థర్మామీటర్లు రెండు కొనండి. ఒకటి గదిలో నేలకు అడుగు ఎత్తులో, ఇంకోటి మనిషి తల ఎత్తులో పెట్టి పది రోజులు రాసుకోండి. మా గదిలో ఆ రెండింటికీ మధ్య మూడు డిగ్రీల తేడా వచ్చింది. అందుకే మా కార్న్ స్నేక్ ఎప్పుడూ కింది అరలో ఉంటుంది, పైథాన్లు మధ్యలో, పై అర ఖాళీ. అక్కడ పాత పేపర్లు, పటకార్లు, మందులు పెట్టుకుంటాను. ఇంటి ఓనరు ఒప్పుకుంటే మిద్దె మీద తెల్లటి కూల్ రూఫ్ పెయింటు వేయించండి, లేదంటే కనీసం సున్నం కొట్టించండి. మా ఇంట్లో ఏసీ కంటే ముందు పనికొచ్చింది అదే. పడమటి కిటికీకి వట్టివేళ్ళ చాప కట్టండి.

ఎయిర్ కూలర్ గురించి ఒక మాట. మార్చి, ఏప్రిల్‌లో మన గాలి పొడిగా ఉంటుంది కాబట్టి కూలర్ బాగా పనిచేస్తుంది, పైథాన్‌కు కావలసిన 55, 60 శాతం తేమ కూడా తెస్తుంది. కానీ కిటికీ మూసేసి రోజంతా నడిపితే గది చెమ్మబారి కార్న్ స్నేక్ పొట్ట కింద పొలుసులు పుండ్లు పడతాయి, గెకోకు అసలే పడదు. కూలర్ పెడితే ఎదురు కిటికీ తెరవండి. కరెంటు పోయినప్పటికి ఫ్రీజర్‌లో లీటరు నీళ్ళ సీసాలు ఆరు గడ్డకట్టి ఉండాలి. సీసాను పాత లుంగీ గుడ్డలో చుట్టి పెట్టెలో పాము లేని మూల పెడితే రెండు గంటలు గడుస్తాయి. మామూలు ఇన్వర్టర్ మీద ఫ్యాన్ నడుస్తుంది, ఏసీ నడవదు, కాబట్టి ఏసీని నమ్ముకుని సంఖ్య పెంచకండి.

హీటర్ అసలు వద్దా అంటే, కావాలి. డిసెంబరు, జనవరి రాత్రుళ్ళకు. పెట్టె అడుగున బయటివైపు, మూడోవంతు భాగానికే హీట్ మ్యాట్ (వేడెక్కే పలుచని షీటు) అతికించి, దాన్ని వేడి మితిమీరకుండా చూసే థర్మోస్టాట్‌కు కలపాలి. థర్మోస్టాట్ ప్రోబు (వేడి కొలిచే తీగ కొన) మ్యాట్‌కూ పెట్టెకూ మధ్యలో ఉండాలి, గాలిలో వేలాడకూడదు. నేను మొదట్లో కోడిగుడ్లు పొదిగించే పెట్టెలకు వాడే చిన్న కంట్రోలర్ ఒకటి కొని సంతోషపడ్డాను. ఒక జనవరి రాత్రి దానిలో కరెంటును ఆన్, ఆఫ్ చేసే రిలే ఆన్‌లోనే అతుక్కుపోయింది. పొద్దున చూస్తే ఆడ పైథాన్ పొట్ట కింద జానెడు మేర పొలుసులు దోసె అంచులా ఎర్రబారి ముడుచుకున్నాయి. ఆ పొలుసులు ఊడి కొత్తవి సరిగ్గా రావడానికి నాలుగు కుబుసాలు పట్టింది. అప్పటి నుంచి ఒక మ్యాట్‌కు రెండు కంట్రోలర్లు వరసగా కలుపుతాను. రెండోదాన్ని రెండు డిగ్రీలు ఎక్కువకు పెడతాను. మొదటిది మొండికేస్తే అది కోసేస్తుంది. వేడి రాయి అని అమ్మేదాన్ని ముట్టుకోకండి. ఉపరితలం వేడి కొలిచే ఇన్‌ఫ్రారెడ్ గన్ మాత్రం కొనండి.

ఇక ర్యాకా, తొట్టా. పాముకు గాజు తొట్టి నాకు నచ్చదు. నాలుగు వైపులా కనబడుతుంటే పాము బిక్కుబిక్కుమంటుంది, పైన జాలీ గుండా తేమంతా పోతుంది, బరువు సరేసరి. పిల్ల పాములకు, క్వారంటైన్‌కు ప్లాస్టిక్ డబ్బాల ర్యాక్ హాయి. పెద్దవాటికి మాత్రం ర్యాక్‌ను నేను ఒప్పుకోను. చాలామంది పెంపకందార్లు నాతో గొడవపడతారు, పడనీయండి. ఎదిగిన బాల్ పైథాన్ మూడు నుంచి ఐదడుగులుంటుంది. ఇరవై, ముప్పై ఏళ్ళు బతికేదాన్ని ఒళ్ళు చాపుకోలేని సొరుగులో పెట్టడం నాకు మనసొప్పదు. దానికి నాలుగడుగుల పొడవు, రెండడుగుల లోతు, రెండడుగుల ఎత్తు ఇవ్వండి. అంటే మీ గదిలో ఒక గోడకు రెండు వరుసలు, ఒక్కో వరుసలో మూడు నిలువున పేర్చినా పైనున్న రెండూ వేసవిలో పనికిరావు. మిగిలేవి నాలుగు. మీ దగ్గర ఇప్పుడే మూడు పాములున్నాయి.

వీటిని ఆన్‌లైన్‌లో కొననక్కర్లేదు. మీ వీధి కార్పెంటర్‌కు టీవీ షోకేసు అని చెప్పండి, పాము అని చెప్పకండి. డబ్ల్యూపీసీ బోర్డు (చెక్కపొడి, ప్లాస్టిక్ కలిపి చేసేది) వాడమనండి, నీళ్ళకు ఉబ్బదు, చెద పట్టదు. ముందు ఐదు ఎంఎం అద్దాలు రెండు, పక్కకు జరిగేవి, మధ్యలో నగల షాపుల్లో వాడే షోకేసు తాళం. గాలికి ఒక పక్క కింద, రెండో పక్క పైన రంధ్రాలుంటే వేడిగాలి పైనుంచి పోయి చల్లగాలి కిందనుంచి వస్తుంది. రంధ్రాల లోపలి అంచులు ఉప్పుకాగితంతో రుద్దించండి, లేకపోతే పాము ముట్టె గీరుకుపోతుంది. మూలలకు సిలికాన్ కొట్టాక పుల్లటి వెనిగర్ వాసన పూర్తిగా పోయేదాకా పామును దించకండి. మా మొదటి పెట్టె ఇరవై రోజులు వరండాలోనే ఉంది.

లోపల అడుగున నర్సరీలో దొరికే కొబ్బరి పొట్టు చాలు, రెండుసార్లు కడిగి ఉప్పు పోయాక వాడండి. దాక్కోవడానికి వెచ్చని వైపు ఒకటి, చల్లని వైపు ఒకటి తప్పనిసరి. రెండు వైపులా లేకపోతే పాము భయంతో వెచ్చని చోటే ఇరుక్కుపోతుంది. ఖరీదైన గుహలేమీ వద్దు, మట్టి చట్టిని బోర్లించి అంచున ఒక పెంకు ఊడగొడితే సరి. వేసవిలో చల్లని వైపు చట్టిని పొద్దున ఒకసారి నానబెట్టి పెట్టండి, లోపల వేలు పెడితే తేడా మీకే తెలుస్తుంది.

మూడు విషయాలు మన ఊళ్ళ వాళ్ళే చెప్పాలి, బయటివాళ్ళకు తట్టవు. ఒకటి చీమలు. గెకోకు వేసిన పురుగులు చచ్చి మూల పడి ఉంటే రాత్రికి రాత్రి ఎర్రచీమలు బారు కడతాయి, గెకో కళ్ళ చుట్టూ పీకి పెడతాయి. స్టాండు కాళ్ళ కింద నీళ్ళ గిన్నెలు పెట్టండి, అమ్మమ్మలు పాల గిన్నెకు చేసినట్టే. రెండు పొగ. సాయంత్రం సాంబ్రాణి, అగరొత్తులు, దోమల చక్రం. వీటి ఊపిరితిత్తులకు ఇవేవీ పడవు. పూజగదికి ఆనుకుని ఉన్న గదైతే ఆ పూట తలుపు కింద తడిగుడ్డ అడ్డం పెట్టండి. దోమల లిక్విడ్, బొద్దింకల స్ప్రే ఆ గదిలో అసలు వాడకండి. మూడోది ఇంటి ఓనరు.

ఓనరుకు ముందే చెప్పండి. ఎందుకు చెప్పమంటున్నానో ఒక సంగతి వినండి. ఏడెనిమిదేళ్ళ కిందట ఒక ఏప్రిల్‌లో ఎండకు మా ప్లాస్టిక్ డబ్బా మూత వంపు తిరిగి క్లిప్పు ఊడింది. సాయంత్రం ఇంటికొచ్చేసరికి డబ్బా ఖాళీ. పరుపులు, బీరువా వెనక, ఫ్రిజ్ మోటారు, అన్నీ వెతికాను. ఇంతలో కింద వాటా నుంచి కేక. వెళ్ళి చూస్తే పెరట్లో రుబ్బురోలు వెనక మా పైథాన్ తల లోపలికి దూర్చి బంతిలా చుట్టుకుపోయి ఉంది. భయపడితే అది చేసేది అదే, ఆ పేరు వచ్చిందీ అందుకే. దాని ముందు స్టీలు గ్లాసులో పాలు. దాని మీద పసుపు, కుంకుమ. కింద వాటా పెద్దమ్మ చేతులు జోడించి నిలబడి ఉంది, ఆమె మనవడు చేతిలో దుడ్డుకర్రతో వెనక ఉన్నాడు. వాడు “రక్తపింజరి అవ్వా, జరుగు” అంటున్నాడు. ఆమె “నోరు ముయ్యరా, స్వామి వచ్చినాడు” అంటోంది. నేను చేత్తో తీసుకుని చొక్కాలో పెట్టుకుంటే ఆమెకు నా మీద కోపం వచ్చింది, పాలు తాగనివ్వలేదని. పాములు పాలు తాగవని ఆ సమయంలో ఎలా చెప్పేది?

ఆ మనవడు ముందు చూసి ఉంటే నా పాము పోయేది. మచ్చల మచ్చల గోధుమరంగు లావుపాటి పాము కనిపిస్తే మన దగ్గర ఎవరికైనా పింజరే గుర్తొస్తుంది, తప్పు వాళ్ళది కాదు. అందుకే తాళం. క్లిప్పు తాళం కాదు, బరువు పెట్టడం తాళం కాదు. గది తలుపు కింద సందుకు రబ్బరు పట్టీ, బాత్రూం తూముకు జాలీ, కిటికీకి దోమతెర. పెట్టె మీద పేరు, “విషం లేదు”, మీ ఫోన్ నంబరు రాసి అంటించండి. మీరు ఊళ్ళో లేనప్పుడు అది పనికొస్తుంది. విషపాముల మాట మీరు ఎత్తలేదు, మంచిదే. మన ఆసుపత్రుల్లో ఉండే యాంటీవీనం నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి, ఈ నాలుగింటికే. బయటి దేశపు విషపాము కరిస్తే ఇక్కడ మందు లేదు.

ఇప్పుడు కాగితాలు. స్నేహితుడు ఇస్తానన్న నక్షత్ర తాబేలును తీసుకోకండి, చూడ్డానికి కూడా వెళ్ళకండి. ఇంట్లో ఉంటే కలిసొస్తుందని మన జిల్లాలో చాలామంది నమ్ముతారు, పొలంలో దొరికితే తెచ్చి పెరట్లో వదులుతారు. అది 1972 వన్యప్రాణి చట్టం కింద రక్షిత జీవి. 2019 నుంచి అంతర్జాతీయ వ్యాపారం కూడా పూర్తిగా బంద్. ఆ చట్టంలో అన్నిటికంటే గట్టి రక్షణ ఉన్న మొదటి షెడ్యూల్ జంతువైతే శిక్ష మూడేళ్ళ నుంచి ఏడేళ్ళ దాకా. మన దేశపు పాము ఏదీ ఇంట్లో పెంచడానికి లేదు. కొండచిలువ పిల్ల, జెర్రిపోతు, లక్షలు పలుకుతుందని మోసగాళ్ళు తిప్పే రెండు తలల పాము, అన్నీ అంతే. తిరుమల కొండ బంగారు బల్లి సరేసరి.

విదేశీ జీవాల సంగతి వేరు. ఆ చట్టానికి 2022లో చేసిన సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది, దాంతో సైటిస్ (వన్యజీవుల వ్యాపారంపై అంతర్జాతీయ ఒప్పందం) జాబితాలోని జీవాలు నాలుగో షెడ్యూల్‌లోకి చేరాయి. 2024 ఫిబ్రవరిలో వచ్చిన నియమాల ప్రకారం వాటిని కేంద్ర పర్యావరణ శాఖ పరివేష్ పోర్టల్‌లో రిజిస్టర్ చేయించాలి. పిల్లలు పెట్టినా, చనిపోయినా, ఇంకొకరికి ఇచ్చినా తెలియజేయాలి. బాల్ పైథాన్, ఇగ్వానా ఆ జాబితాలో ఉన్నాయి. కార్న్ స్నేక్ లేదు. గెకో దగ్గరి బంధువులు మన దేశంలోనూ ఉన్నాయి కాబట్టి దాని శాస్త్రీయ నామం బిల్లు మీద రాయించుకుని అటవీశాఖ కార్యాలయంలో ఒకసారి అడగండి. మీ రెండు పైథాన్లకు కాగితాలున్నాయా అన్నది మీరు రాయలేదు. లేకపోతే ముందు ఆ పని. కొత్త మూడింటికి అమ్మేవాడు రిజిస్ట్రేషన్ వివరాలు చూపించకపోతే, ఎంత అందమైన రంగైనా సరే, వెనక్కి తిరిగి వచ్చేయండి.

ఇగ్వానా వద్దు. ఐదారు అడుగులు పెరుగుతుంది, తోకతో కొడుతుంది, ఎండలా అతినీలలోహిత కిరణాలిచ్చే యూవీబీ దీపం కావాలి, దానికే ఒక గది కావాలి. మీకున్నది ఒక్క గది.

స్లైడర్లను ఆ గదిలోంచి మార్చండి. ఇప్పుడు రూపాయి బిళ్ళంత ఉన్నా ఆడది అన్నం పళ్ళెమంత అవుతుంది. ఆ నీటి వాసన, చెమ్మ పాముల గదికి కూడదు. బాల్కనీలో నీడపట్టున పెద్ద సిమెంటు తొట్టి కట్టించి, ఎక్కి ఎండ కాచుకోవడానికి రాయి పెట్టండి. మధ్యాహ్నం నీరు కాగకుండా చూసుకోండి. ఆ నీళ్ళు వంటింటి సింకులో పారబోయకండి, సాల్మొనెల్లా అనే రోగక్రిమి ఉంటుంది. విసుగొచ్చినా అవిలాల చెరువులోనో, ఏ గుడి కోనేరులోనో వదలకండి. పుణ్యం అనుకుని చేసే ఆ పని మన చెరువు తాబేళ్ళకు ఎసరు.

కొత్త పాము వస్తే తొంభై రోజులు వేరే గదిలో, అడుగున తెల్లకాగితం మీద ఉంచండి. ముందు పాతవాటి పని చేసి, ఆఖరున కొత్తదాన్ని ముట్టుకోండి. ఎప్పుడూ వెనక్కి వెళ్ళకండి. తెల్లకాగితం మీద, నీళ్ళ గిన్నె అడుగున గసగసాలంత నల్లటి చుక్కలు కనిపిస్తే అవి పేలు. ఒక్క పాముతో వస్తాయి, నెలలో గదంతా పాకుతాయి, రోగాలు కూడా మోస్తాయి. మందు పశువైద్యుడితోనే వేయించండి. మన ఊళ్ళో పశువైద్య కళాశాల ఉంది కదా, పాములు చూసిన అనుభవం ఎవరికుందో ఆరోగ్యంగా ఉన్నప్పుడే కనుక్కుని పెట్టుకోండి. కుక్కలకు వేసే ఐవర్‌మెక్టిన్ ఇంట్లో ఉందని వాడేయకండి, తాబేళ్ళకు అది ప్రాణం తీస్తుంది. రెండు పాములను ఒకే పెట్టెలో పెట్టడం గురించి మీరు బ్రాకెట్లో అడిగారు. పెట్టకండి.

తిండి గురించి మీరు అడగలేదు కానీ సంఖ్య పెరిగితే ఇంట్లో మొదటి పోట్లాట దానికే. గడ్డకట్టించిన తెల్ల ఎలుకలను వంటింటి ఫ్రిజ్‌లో పెడితే ఏ అమ్మా ఊరుకోదు, మా అత్తగారైతే శ్రీకాళహస్తికి వెళ్ళి రాహుకేతు పూజ చేయించుకోమంది. చిన్న ఫ్రీజరు వేరే కొనుక్కోండి, ఐస్ సీసాలకూ పనికొస్తుంది. ఎలుకను ముందురోజు రాత్రి ఫ్రిజ్ కింది అరలో కరగనిచ్చి, కవర్లో పెట్టి గోరువెచ్చని నీళ్ళలో ముంచి, పటకారుతో అందించండి. మైక్రోవేవ్ వద్దు. పాము ఒంటి లావు కంటే ఎలుక పెద్దగా ఉండకూడదు. పిల్ల పాములకు వారం, పది రోజులకోసారి, పెద్దవాటికి రెండు, మూడు వారాలకోసారి. తిన్నాక రెండు రోజులు ముట్టుకోకండి. బతికున్న ఎలుకను వేసి వెళ్ళిపోతే అదే పామును కొరుక్కుతింటుంది. బాల్ పైథాన్ నెలల తరబడి మొహం తిప్పుకున్నా బరువు తగ్గకపోతే కంగారుపడకండి. బరువు తగ్గిందో లేదో తెలియాలంటే నెలకోసారి వంటింటి త్రాసు మీద పెట్టి పుస్తకంలో రాయాలి: తేదీ, బరువు, తిన్నదా, కుబుసం, పెంట. ఒక్కో పాముకు ఒక్కో పేజీ. రిజిస్ట్రేషన్ వాళ్ళు అడిగినా ఆ పుస్తకమే చూపించొచ్చు.

ఇంకొకటి, వాన. 2021 నవంబరులో తిరుపతి వీధుల్లో నీళ్ళు పారినప్పుడు మేము కింది అంతస్తులో ఉన్నాం. నడుం లోతు రాలేదు కానీ కింది వరుస పెట్టెలు మంచం మీదకు ఎత్తుకుని రాత్రంతా కూర్చున్నాం. మీరు రెండో అంతస్తు కాబట్టి మీకు ఆ బెంగ లేదు, కానీ ఆ వారం ఎండ మొహమే ఉండదు, తేమ దిగదు. కూలర్ ముట్టుకోకుండా ఫ్యాన్ నడపండి.

మీ గది కొలతలు కచ్చితంగా పెట్టండి. కిటికీ ఏ వైపు, తలుపు లోపలికి తెరుచుకుంటుందా బయటికా, ప్లగ్ పాయింట్లు ఎక్కడెక్కడ ఉన్నాయో కూడా రాయండి. పది రోజుల థర్మామీటర్ అంకెలు వచ్చాక నాలుగు పెట్టెలు ఎక్కడ పడతాయో గీసి పంపుతాను.